పాటగాళ్ళ అంతరిక్ష నౌక

పిల్లలూ!

ఈ నెల మనం ఒక నౌక ఎక్కుదాం. అది నీళ్ళమీద పోయే నౌక కాదు. శ్రీహరికోటలో నిప్పులు చిమ్ముతూ లేచి, కొద్ది నిమిషాల్లో మబ్బులు దాటిపోయి, భూమిచుట్టూ తిరగటం మొదలుపెట్టే నౌక. అందులో ఐదు కుర్చీలున్నాయి. ఆ కుర్చీల్లో ఎవరిని కూర్చోబెట్టాలో మనమే నిర్ణయించాలి. షరతు ఒక్కటే: ఐదుగురూ సంగీతం తెలిసినవాళ్ళై ఉండాలి.

బయలుదేరిన మూడోరోజున నౌకకు ఆపద వస్తుంది. ప్రమాద సూచనల గంటలు ఒక్కసారిగా మోగుతాయి. దీపాలు ఆరిపోతాయి. ఎక్కడో సన్నని చిల్లు పడి గాలి కారిపోతూ ఉంటుంది. ఒకరికి జబ్బు చేస్తుంది. ఉన్న సామాను చాలదు. అప్పుడీ పాటగాళ్ళు ఏం చేస్తారు?

"ఏం చేస్తారు సార్? కచేరీ చేస్తారు!" అన్నాడు మా హఫీజ్‌పేట్ కుర్రాడొకడు. పక్కనున్న పిల్లలంతా గొల్లున నవ్వారు. నవ్వవలసిన మాటే. కాని ఆ నవ్వు వెనక ఒక పెద్ద సంగతి ఉన్నది.

మా హఫీజ్‌పేట్ రైలు స్టేషనుకు ఒకవైపు లింగంపల్లి, రెండోవైపు హైటెక్ సిటీ. పొద్దుటిపూట ఎం.ఎం.టి.ఎస్. బండిలో కంప్యూటరు ఉద్యోగాలకు పోయేవాళ్ళే ఎక్కువ. తమ పిల్లలు కూడా బాగా చదవాలని వాళ్ళకు ఉండటం సహజమే. అందుకని ఆరో తరగతిలోనే పోటీ పరీక్షల శిక్షణ మొదలవుతున్నది. ఆ శిక్షణ ఇంట్లోకి రాగానే మొట్టమొదట బయటికి పోయేది సంగీతం. వయొలిన్ పెట్టె అలమర పైకి ఎక్కుతుంది. వీణకు గుడ్డ కప్పుతారు. "ముందు చదువు కానీ, పాట తరవాత చూద్దాం" అంటారు. ఆ తరవాత అనేది చాలా ఇళ్ళల్లో రానే రాదు.

పాట నేర్చినవాడు పాటకు తప్ప మరి దేనికీ పనికిరాడా? నవ్వి వదిలెయ్యకుండా, ఒక లెక్కలాగా ఈ ప్రశ్నను చేసి చూద్దాం.

ముందు నిజంగా జరిగిన ఒక సంగతి చెబుతాను. 1965 డిసెంబరు 12న అమెరికాలో జెమిని 6 అనే నౌకలో వాలీ షిరా, థామస్ స్టాఫర్డ్ అనే ఇద్దరు కూర్చుని ఉన్నారు. రాకెట్టు ఇంజన్లు అంటుకున్నాయి. రెండు సెకన్లు గడవకుండానే ఆగిపోయాయి. కాని నౌకలోని గడియారం మాత్రం రాకెట్టు నేలను వదిలినట్టే నడుస్తున్నది! రాకెట్టు నిజంగా కొంచెం లేచి ఆగిపోయి ఉంటే, మరుక్షణం అది కూలి పేలిపోవాలి. అటువంటప్పుడు షిరా ఒక కడియాన్ని లాగాలి. లాగితే ఇద్దరూ కుర్చీలతోసహా బయటికి విసిరివేయబడతారు. ఆ విసురుకే ప్రాణం పోయినా పోవచ్చు.

షిరా కడియం లాగలేదు. గడియారం ఏమన్నా, తన ఒంటికి మాత్రం రాకెట్టు కదలిక తెలియలేదు. కనక అది నేలమీదే ఉన్నదని తేల్చుకున్నాడు. అదే నిజమైంది. మూడు రోజుల తరవాత అదే రాకెట్టులో వాళ్ళిద్దరూ పైకి వెళ్ళారు. డిసెంబరు 16న షిరా తనవెంట రహస్యంగా తీసుకుపోయిన చిన్న మౌతార్గాను వాయించాడు. స్టాఫర్డ్ చిరుగజ్జెలు మోగించాడు. అంతరిక్షంలో వాద్యం మోగటం అదే మొదలు.

మౌతార్గాన్ వాయించటం వచ్చు గనకనే షిరా బతికాడని నేను చెప్పటం లేదు సుమా! వాద్యం వాయించే మనిషి గంటలు మోగుతున్నప్పుడు బెంబేలెత్తిపోతాడని అనుకోవలసిన పని లేదని మాత్రమే చెబుతున్నాను. ఇక మన ఐదు కుర్చీల సంగతి చూద్దాం. దూరాన వెతకనక్కరలేదు. మన తెలుగు గడ్డమీద మసలినవాళ్ళే చాలు.

మొదటి కుర్చీ

ఆపద వచ్చినప్పుడు నౌకలో ఒక్క పని ఉండదు. ఒక చెవితో భూమినుంచి వచ్చే మాట వినాలి. కళ్ళతో ముల్లులు చూడాలి. చేతులతో మీటలు తిప్పాలి. నోటితో జవాబు చెప్పాలి. ఈ కుర్చీలో ఆదిభట్ల నారాయణదాసుగారిని కూర్చోబెడదాం.

నారాయణదాసుగారు 1864లో పుట్టారు. హరికథకు పితామహుడని పేరు పొందారు. ఆయన రెండు చేతులతో రెండు తాళాలు, రెండు కాళ్ళతో మరి రెండు తాళాలు, శిరస్సుతో ఐదో తాళం వేసి చూపగలిగేవారట. అందుకే ఆయన్ని పంచముఖి అన్నారు. ఇందులోని కష్టం లెక్కవేస్తేగాని తెలియదు. ఒక చెయ్యి 3 దెబ్బల తాళం, రెండో చెయ్యి 4 దెబ్బల తాళం, ఒక కాలు 5, రెండో కాలు 7, తల 9 దెబ్బల తాళం వేస్తున్నాయనుకుందాం. అన్నీ ఒకేసారి మొదలై, మళ్ళీ అన్నీ ఒకేసారి మొదటి దెబ్బకు వచ్చేది ఎప్పుడు? ఆ ఐదు అంకెల కనిష్ఠ సామాన్య గుణిజం 1,260. సెకనుకు ఒక దెబ్బ చొప్పున వేస్తే 1,260 సెకన్లు, అంటే 21 నిమిషాలు. అంతసేపూ ఏ ఒక్క తాళమూ ఇంకొకదానిలోకి జారిపోకూడదు!

ఇది ఎట్లా సాధ్యం? మనస్సు ఐదు ముక్కలై కాదు. ఒక్కొక్క తాళాన్నీ ఏళ్ళ తరబడి సాధన చేస్తే, అది అవయవానికే అలవాటైపోతుంది. అప్పుడు మనస్సు తీరిగ్గా అన్నిటినీ పైనుంచి కనిపెడుతూ ఉండగలదు. అంతరిక్ష యాత్రికులకు ఇచ్చే శిక్షణ కూడా సరిగ్గా ఇటువంటిదే. నిప్పు అంటుకోవటం, గాలి కారిపోవటం, విషవాయువు చేరటం — ఈ మూడు ఆపదలు వస్తే ఏం చెయ్యాలో భూమిమీదనే పదేపదే చేయించి, చేతులకు అలవాటు చేస్తారు.

మరొక సంగతి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో పనిచేసేవాళ్ళు ఇంగ్లీషు, రష్యను రెండూ నేర్చుకోవాలి. దాసుగారికి భాషలంటే భయం లేదు. ఉమర్ ఖయ్యాం పారశీకంలో రాసిన పద్యాలను ఆయన సంస్కృతంలోకీ, అచ్చ తెలుగులోకీ కూడా మార్చారు.

రెండో కుర్చీ

దీపాలు ఆరిపోయాయి. ఇప్పుడు కళ్ళతో పని లేదు. ఈ కుర్చీ ద్వారం వెంకటస్వామి నాయుడుగారిది.

నాయుడుగారు 1893లో బెంగుళూరులో పుట్టి, విశాఖ ప్రాంతంలో పెరిగారు. చిన్నతనంనుంచీ కంటిచూపు మందం. కాని వయొలిన్‌మీద ఆయన వేళ్ళు నడిచిన తీరు దేశమంతా తెలుసు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టారు. నారాయణదాసుగారే దానికి మొదటి ప్రిన్సిపాలు. అక్కడ విద్యార్థిగా చేరదామని నాయుడుగారు వెళ్ళారు. ఆయన వాయింపు విని, విద్యార్థిగా కాదు, వయొలిన్ అధ్యాపకుడుగానే ఉండమన్నారు. 1936లో ఆయనే ఆ కళాశాలకు ప్రిన్సిపాలు అయినారు.

వీణకు మెట్లుంటాయి, వయొలిన్‌కు ఉండవు. వేలు ఎక్కడ పెట్టాలో కన్ను చెప్పదు; చెవి చెప్పాలి. వెంట్రుకవాసి తప్పినా అపశ్రుతి. అటువంటి చెవి నౌకలో ఎందుకంటారా? వినండి.

అంతరిక్ష నౌకలో నిశ్శబ్దం ఉండదు. బరువు తెలియని ఆ చోట వేడిగాలి పైకి లేవదు. మనం వదిలిన ఊపిరి మన ముఖం చుట్టూనే నిలిచిపోతుంది. అందుకని గాలి కదలటానికి పంకాలు రాత్రింబగళ్ళు తిరుగుతూనే ఉంటాయి. ఆ మోతే నౌకకు శ్రుతి. శ్రుతి మారిందంటే ఏదో పంకా మొరాయించిందన్నమాట. దాన్ని మొదట పసికట్టేది చెవి.

చిల్లు పడితే మరీ విచిత్రం. సన్నని చిల్లులోనుంచి గాలి పోతున్నప్పుడు కీచుమని శబ్దం పుడుతుంది. అందులో చాలా భాగం మన చెవికి అందనంత హెచ్చు స్థాయిలో ఉంటుంది. దాన్ని వినటానికి అంతరిక్ష కేంద్రంలో ప్రత్యేకమైన పరికరం ఉన్నది. 2020లో ఒక చిల్లు ఎక్కడున్నదో ఎన్ని వారాలు వెతికినా సరిగా దొరకలేదు. చివరకు రష్యను యాత్రికులు ఏం చేశారో తెలుసా? తేయాకు పొట్లం చింపి గాలిలోకి వదిలారు! ఆకులన్నీ మెల్లగా తేలుకుంటూ పోయి చిల్లు దగ్గిరకు చేరాయి. చూశారా, ఉపాయం ఎంత చిన్నదో!

కళ్ళు లేకుండా పనిచేసిన యాత్రికుడు నిజంగానే ఒకడున్నాడు. కెనడావాడైన క్రిస్ హాడ్‌ఫీల్డ్. ఆయన గిటారు వాయిస్తాడు, పాడతాడు. 2001 ఏప్రిల్‌లో నౌక బయట పనిచేస్తూండగా, శిరస్త్రాణం అద్దానికి మసక పట్టకుండా పూసిన ద్రవం ఒక కంట్లో పడి భగ్గున మండింది. అక్కడ కన్నీరు కిందికి కారదు గదా! బొట్టులా పేరుకుని, ముక్కుమీదుగా రెండో కంట్లోకి కూడా పాకింది. రెండు కళ్ళూ మూసుకుపోయాయి. ఆయన కంగారు పడలేదు. ఉన్నచోటనే నిలిచి, భూమిమీద ఉన్నవాళ్ళతో మాట్లాడుతూ, కన్నీరే ఆ మందును కడిగేదాకా ఓపిక పట్టి, మిగిలిన పని పూర్తి చేశాడు.

మూడో కుర్చీ

ఒకరికి జబ్బు చేసింది. వైద్యుడు కావాలి. సంగీతం తెలిసిన వైద్యుడు ఎక్కడ దొరుకుతాడు? కర్నూలులో దొరుకుతాడు. ఈ కుర్చీ డాక్టర్ శ్రీపాద పినాకపాణిగారిది.

పినాకపాణిగారు 1913లో శ్రీకాకుళం జిల్లాలో పుట్టారు. విశాఖపట్నంలో వైద్యం చదివి, కర్నూలు వైద్య కళాశాలలో ఆచార్యులుగా పనిచేశారు. పగలు రోగులు, విద్యార్థులు. మిగిలిన వేళ సంగీతం. నేదునూరి కృష్ణమూర్తిగారు ఆయన శిష్యులే. 1983లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. వందలాది కృతులను స్వరపరచి "సంగీత సౌరభం" అనే సంపుటాలుగా రాసిపెట్టారు. పాడేవాడు పోయినా పాట పోకూడదని ఆయన పట్టుదల. 2013లో, నిండు నూరేళ్ళకు కొద్ది నెలల ముందు కన్నుమూశారు.

సంగీతానికీ వైద్యానికీ చుట్టరికం పాతదే. ఆస్ట్రియాలో లియోపోల్డ్ ఔవెన్‌బ్రుగ్గర్ అనే వైద్యుడుండేవాడు. ఆయన తండ్రి పూటకూళ్ళ సత్రం నడిపేవాడు. ద్రాక్షసారాయి పీపాను వేలితో తట్టి, చప్పుడునుబట్టి లోపల ఎంతవరకు ఉన్నదో చెప్పేవాడు. కొడుకు ఆ కిటుకునే రోగి రొమ్ముమీద ప్రయోగించాడు. గాలి ఉన్నచోట డొల్లగా, నీరు పట్టినచోట మొద్దుగా మోగింది! 1761లో దీనిమీద పుస్తకం రాశాడు. ఈయన సంగీతప్రియుడు, ఒక సంగీత నాటకానికి మాటలు కూడా రాసి ఇచ్చాడు. ఫ్రాన్సులో రెనే లేనెక్ అనే వైద్యుడు వేణువు వాయించేవాడు. 1816లో కాగితం గొట్టంలా చుట్టి రోగి గుండె చప్పుడు విన్నాడు. తరవాత కొయ్యను తానే తరిమెన పట్టి గొట్టం చేశాడు. అదే నేటి స్టెతస్కోపుకు తాత.

ఈ తట్టి చూసే విద్య నౌకకు కూడా పనికొస్తుంది. భూమిమీద ట్యాంకులో ఇంధనం అడుగున ఉంటుంది గనక మట్టం చూస్తాం. బరువు తెలియనిచోట అది ఎక్కడబడితే అక్కడ తేలుతుంది. మట్టమే ఉండదు! అందుకని ట్యాంకు గోడను సన్నగా కంపింపజేసి, ఆ మోత ఎట్లా మారిందో విని, లోపల ఎంత ఇంధనం మిగిలిందో కనిపెట్టే పద్ధతిమీద అమెరికా శాస్త్రజ్ఞులు ప్రయోగాలు చేశారు. సత్రం యజమాని పీపా అంతరిక్షందాకా వెళ్ళిందన్నమాట!

నాలుగో కుర్చీ

కావలసిన సామాను లేదు. ఉన్నదానితోనే బతకాలి. ఈ కుర్చీలో మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు.

ఆయన 1930లో గోదావరి సీమలోని శంకరగుప్తంలో పుట్టి, 2016లో మనను విడిచిపోయారు. పాట ఒక్కటేనా? వయొలిన్, వయోలా, మృదంగం, కంజిర కూడా వాయించేవారు. పక్కవాద్యగాడు రాకపోతే ఆ చాపమీద తానే కూర్చోగల మనిషి. నౌకలో ఇటువంటివాడి విలువ ఇంతింత కాదు. అందుకే నౌకల్లో ముఖ్యమైన ప్రతి యంత్రానికీ ఒక జోడీ యంత్రాన్ని ఉంచుతారు. ప్రతి మనిషికీ పక్కవాడి పని కూడా నేర్పుతారు.

అంతకంటే వింత మరొకటి ఉన్నది. సప్త స్వరాలూ ఉండగా బాలమురళిగారు నాలుగే స్వరాలతో లవంగి, మహతి అనే రాగాలు కల్పించారు. మూడే స్వరాలతో సర్వశ్రీ అనే రాగం కల్పించారు. స్వరాలు తగ్గినకొద్దీ రాగం చెయ్యటం కష్టం. ఉన్న మూడింటినే ఎన్ని రకాలుగా కూర్చవచ్చో వెతకాలి.

1970 ఏప్రిల్‌లో అపోలో 13 నౌకకు ఇదే పరిస్థితి వచ్చింది. చంద్రుడికి పోయే దారిలో ప్రాణవాయువు ట్యాంకు పేలింది. ముగ్గురు మనుషులూ, చంద్రుడిమీద దిగటానికి ఇద్దరి కోసం చేసిన చిన్న ఓడలోకి చేరి తలదాచుకున్నారు. వాళ్ళ ఊపిరినుంచి వచ్చే బొగ్గుపులుసు వాయువు పేరుకుపోసాగింది. దాన్ని పీల్చే డబ్బాలు పెద్ద నౌకలో దండిగా ఉన్నాయి. కాని అవి చదరపువి. చిన్న ఓడలోని అమరిక గుండ్రనిది! అప్పుడు భూమిమీది ఇంజనీర్లు, నౌకలో ఏమేమి వస్తువులున్నాయో అవే ముందేసుకుని కూర్చున్నారు: ప్లాస్టిక్ సంచులు, పుస్తకాల అట్టలు, దుస్తుల గొట్టాలు, అంటుపట్టీ. వాటితో ఒక అమరిక చేసి, ఎట్లా చెయ్యాలో రేడియోలో ఒక్కొక్క మెట్టే చదివి వినిపించారు. యాత్రికులు అట్లాగే చేశారు. గాలి శుభ్రపడింది. ఏప్రిల్ 17న ముగ్గురూ క్షేమంగా దిగారు. అది కూడా మూడు స్వరాల రాగమే గదా!

ఐదో కుర్చీ

ఇక ఆఖరి కుర్చీ. నౌకను చేసినవాడే నౌకలో ఉంటే ఇంకేం కావాలి? ఈ కుర్చీ ఎ.పి.జె. అబ్దుల్ కలాంగారిది. ఆయన పుట్టింది తమిళనాడులోని రామేశ్వరమే గాని, 1982నుంచి చాలా ఏళ్ళు మన హైదరాబాదులోని రక్షణ పరిశోధన సంస్థలో క్షిపణులను తయారుచేశారు. వీణ నేర్చుకుని, తీరిక దొరికితే మీటుతూ ఉండేవారు.

1979 ఆగస్టు 10న శ్రీహరికోటలో ఎస్.ఎల్.వి. 3 రాకెట్టు ప్రయోగానికి కలాంగారు నాయకుడు. చివరి నిమిషాల్లో కంప్యూటరు "ఆగు" అన్నది. అదుపు వ్యవస్థలో ద్రవం కారుతున్నట్టు తెలిసింది. పక్కనున్న నిపుణులు ఫరవాలేదన్నారు. కలాంగారు ఆ హెచ్చరికను దాటి ప్రయోగించమన్నారు. మొదటి దశ బాగానే పనిచేసింది. రెండో దశలో రాకెట్టు అదుపు తప్పి బంగాళాఖాతంలో పడింది. ఈ కథను కలాంగారే తరవాత ఎన్నో సభల్లో పిల్లలకు చెప్పారు. దాచలేదు. కారణాలు వెతికి, సరిచేసి, 1980 జూలై 18న మళ్ళీ ప్రయోగించారు. ఈసారి 35 కిలోల రోహిణి ఉపగ్రహం చక్కగా కక్ష్యలోకి చేరింది.

వీణ వాయించేవాళ్ళకు ఇందులో కొత్త లేదు. తీగ అపశ్రుతి పలికితే విననట్టు నటించి వాయిస్తే కచేరీ అంతా చెడుతుంది. ఆగి, బిరడా తిప్పి, శ్రుతి చేసుకోవటమే మర్యాద. నౌకలో మోగే హెచ్చరిక కూడా ఒక అపశ్రుతే.

కలాంగారిది మరొక పని ఉన్నది. నిమ్స్ ఆసుపత్రిలో కాళ్ళు చచ్చుబడిన పిల్లలు మూడేసి కిలోల లోహపు పట్టీలు ఈడ్చుకుంటూ నడవటం ఆయన చూశారు. క్షిపణి కోసం కనిపెట్టిన తేలిక పదార్థంతో 300 గ్రాముల పట్టీలు చేయించి ఇచ్చారు. బరువు పదోవంతుకు తగ్గింది! రాకెట్టులో ఒక గ్రాము తగ్గించటానికి నేర్చిన విద్య, పిల్లవాడి కాలికి ఉపయోగపడింది. ఒక విద్య ఇంకొక విద్యకు ఎట్లా అరువు పోతుందో చూశారా?

తల్లిదండ్రులకు ఒక మాట

అయ్యా, అమ్మా! సంగీతం నేర్పిస్తే పిల్లలకు లెక్కల్లో మార్కులు పెరుగుతాయని నేను హామీ ఇవ్వను. అటువంటి హామీ ఎవరిచ్చినా నమ్మకండి. పాట పాటకోసమే నేర్చుకోవాలి. అయితే పాట చదువుకు శత్రువు అనే మాట మాత్రం నిలవదు. పినాకపాణిగారికి డాక్టరీ అడ్డు రాలేదు. కలాంగారి వీణ రాకెట్టుకు అడ్డు రాలేదు.

వేళ ఎక్కడిదంటారా? రోజుకు 1,440 నిమిషాలు. సాధనకు 20 నిమిషాలు తీశామనుకోండి. అది రోజులో 72వ వంతు. మిగిలిన 71 వంతులూ మీవే. ఆ ఒక్క వంతులో పిల్లవాడు పాఠశాలలో అంతగా దొరకని పని ఒకటి చేస్తాడు: తన తప్పును తన చెవితోనే విని, ఎవరూ ఎర్రసిరాతో గీత పెట్టకముందే తానే దిద్దుకుంటాడు. ముప్ఫై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పినవాణ్ణి. ఈ అలవాటు ఉన్న పిల్లవాణ్ణి నేను తరగతిలో వెంటనే గుర్తుపట్టేవాణ్ణి. ఆ అలవాటు సంగీతంవల్లనే రావాలని లేదు. చిత్రలేఖనం, వడ్రంగం, మొక్కల పెంపకం — ఏదైనా సరే. పిల్లవాడు ఇష్టపడి పట్టుకున్నదాన్ని మాత్రం లాగెయ్యకండి. ఇష్టం లేనివాడి చేతికి బలవంతంగా వయొలిన్ ఇవ్వనూ వద్దు.

పిల్లలూ, మీకూ ఒక మాట. 2013 మే నెలలో హాడ్‌ఫీల్డ్ అంతరిక్ష కేంద్రానికి నాయకుడుగా ఉన్నాడు. మే 9న బయట అమ్మోనియా కారుతున్నట్టు కనబడింది. యంత్రాలను చల్లబరిచేది అదే. మే 11న ఇద్దరు యాత్రికులు బయటికి పోయి ఒక పంపును మార్చివచ్చారు. ఆ మరునాడే, అక్కడ గిటారుతో హాడ్‌ఫీల్డ్ పాడిన పాట లోకానికి వినబడింది. పని వచ్చినప్పుడు పని, పాట వచ్చినప్పుడు పాట. రెండూ చేసిన మనిషి ఒక్కడే.

ఈ నెల పని

1. ఒక పెద్ద బిందెలో సగం దాకా నీళ్ళు పోయమని మీ అమ్మగారిని అడగండి. మీరు కళ్ళు మూసుకుని, పైనుంచి కిందికి వేలి గణుపుతో తట్టుతూ రండి. చప్పుడు ఎక్కడ మారిందో అక్కడ సుద్దముక్కతో గీత పెట్టండి. కళ్ళు తెరిచి నీటిమట్టంతో పోల్చండి. ఔవెన్‌బ్రుగ్గర్ పని అదే.

2. రాత్రి దీపం ఆర్పి ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోండి. వినబడిన చప్పుళ్ళన్నీ గుర్తుంచుకుని తరవాత రాయండి. మొదటిరోజు ఎన్ని, వారం తరవాత ఎన్ని?

3. కుడిచేత్తో 3 దెబ్బల తాళం, ఎడమచేత్తో 4 దెబ్బల తాళం వేయండి. రెండూ 12వ దెబ్బ అయిన వెంటనే కలిసి మొదలు కావాలి. తొందరపడకండి. ముందు ఒక్కొక్క చెయ్యీ విడిగా అలవాటు చెయ్యండి.

4. ఆదితాళానికి 8, మిశ్రచాపుకు 7, రూపకానికి 6 అక్షరాలు. మూడు తాళాలూ ఒకేసారి మొదలైతే, మళ్ళీ ఎన్ని అక్షరాల తరవాత మూడూ ఒకేసారి మొదలవుతాయి? జవాబు వచ్చే నెల చూసుకుందాం.

జవాబులు పంపేటప్పుడు, మీకు సంగీతం కాక మరేం పని వచ్చో, లేదా మీ పని కాక మరేం పాట వచ్చో కూడా ఒక్క వాక్యం రాయండి. నౌకలో ఆరో కుర్చీ వేయించవలసి రావచ్చు!